మీకు తెలుసా? అక్వేరియంలో ఆ చారల చేప వరిమళ్ళ చుట్టమే!

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో అక్వేరియం షాపుకు వెళ్తే గోల్డ్ ఫిష్, గప్పీ, మోలీల మధ్య ఒక బక్కపల్చటి చేప కనిపిస్తుంది. ఒంటి మీద తల నుంచి తోక దాకా నీలం చారలు. ఒక్క క్షణం కుదురుగా ఉండదు. షాపువాళ్ళు 'జీబ్రా' అంటారు. కొనేవాళ్ళు ఏదో ఫారిన్ చేప అనుకుంటారు. దీని పూర్తి పేరు జీబ్రా డానియో, శాస్త్రీయ నామం డానియో రెరియో. ఇది ఎక్కడిదో తెలిస్తే ఎలా పెంచాలో సగం తెలిసినట్టే.

1. పేరు ఫారిన్‌ది, ఊరు మాత్రం మనది

ఈ చేపను మొదట లోకానికి చెప్పింది ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన స్కాట్లండ్ వైద్యుడు ఫ్రాన్సిస్ హామిల్టన్. గంగా నదిలో, దాని ఉపనదుల్లో దొరికే చేపల మీద 1822లో ఆయన అచ్చువేసిన పుస్తకంలో దీని వర్ణన ఉంది. గంగ, బ్రహ్మపుత్ర పరీవాహకాలు దీనికి ప్రధాన స్థావరాలు. కృష్ణా, గోదావరి, పెన్నా పరీవాహకాల్లోనూ దొరికినట్టు నమోదులున్నాయి. భారత్, బంగ్లాదేశ్, నేపాల్ దీని పుట్టిళ్ళు. అమెజాన్ నుంచి వచ్చిన నియాన్ టెట్రా, దక్షిణ అమెరికా నుంచి వచ్చిన గప్పీ అసలైన పరదేశులు. వాటి పక్కన తొట్టిలో ఉన్నంత మాత్రాన ఇది పరాయిది కాదు.

2. దీనికి నది కంటే మడి ఇష్టం

పెద్ద నదుల నడిధారలో ఇది ఉండదు. నీళ్ళు మెల్లగా పారే చోట, మోకాలి లోతు మించని చోట, అడుగున ఒండ్రు, పక్కన గడ్డి ఉన్న చోట ఉంటుంది. వరిమళ్ళు, వాటికి నీళ్ళిచ్చే పిల్లకాలువలు, వాన నీరు నిలిచే కుంటలు దీనికి సరిగ్గా సరిపోతాయి. మన దగ్గర ఇలాంటి నేల నాగార్జునసాగర్ నీళ్ళతో పెరిగింది. దానికి 1955 డిసెంబర్ 10న పునాదిరాయి పడింది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువకు లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. ఆ నీళ్ళతోనే మిర్యాలగూడ రైస్ మిల్లుల పట్టణమైంది, కోదాడ, హుజూర్‌నగర్ వైపు వరి పరుచుకుంది. సూర్యాపేటకు మూసీ ఆయకట్టు కూడా తోడు. వానాకాలం, యాసంగి రెండు కార్లలోనూ మడిలో నీళ్ళు నిలిచే ఈ నేల లాంటిదే ఈ చేపకు సొంతిల్లు.

3. పూర్తిగా ఎదిగినా నాలుగు సెంటీమీటర్లే

రాష్ట్ర ప్రభుత్వం చెరువుల్లో వదలడానికి పంచే చేపపిల్లల్లో చిన్న సైజు 35 నుంచి 40 మిల్లీమీటర్లు. ఆ పిల్లలు ఏడాది తిరిగేసరికి కిలో దాకా తూగుతాయి. జీబ్రా మాత్రం జీవితమంతా పెరిగినా ఆ పిల్లలంతే ఉంటుంది. అందుకే వలలో పడ్డా ఎవరూ దీన్ని లెక్కచేయరు, మిగతా చిన్నాచితకా చేపలతో కలిపి 'పరకలు' అనేస్తారు. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీనుకు మాత్రం దీని లెక్క బాగా తెలుసు. కొర్రమీను జాతి చేపలకు, లకుముకి పిట్టలకు ఇది ఆహారం.

4. ఆ చారల్లో నీలం రంగు లేదు

నల్ల కణాలు, పసుపు కణాలు, వెలుతురును తిప్పికొట్టే మెరుపు కణాలు అని దీని చర్మంలో మూడు రకాలున్నాయి. నల్ల కణాల మీద మెరుపు కణాల పొర పరుచుకున్న చోట మన కంటికి నీలం కనిపిస్తుంది. పసుపు, మెరుపు కలిసిన చోట బంగారు పట్టీ కనిపిస్తుంది. పిల్ల పెరిగేటప్పుడు ఈ మూడు రకాల కణాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ, లాక్కుంటూ వరుసల్లో సర్దుకుంటాయి. ఆ సర్దుబాటులో ఒక్క జన్యువు తేడా వస్తే చారల బదులు చుక్కలు వస్తాయి. షాపుల్లో 'లెపర్డ్ డానియో' పేరుతో అమ్మేది అదే. 1963లో దాన్ని వేరే జాతి అనుకుని వేరే శాస్త్రీయ నామం కూడా పెట్టారు. అది జీబ్రాలో వచ్చిన జన్యు మార్పేనని తర్వాత తేలింది.

5. దీనికి జీర్ణాశయం లేదు, నోట్లో పళ్ళూ లేవు

తిన్నది నేరుగా పేగులోకి పోతుంది. మధ్యలో నిల్వ చేసుకునే సంచి లేదు. రోహు, బొచ్చె ఉన్న కుటుంబంలో చేపలన్నీ ఇంతే. నమలడానికి పళ్ళు గొంతులో ఉంటాయి, అరిగినవి రాలి కొత్తవి వస్తూనే ఉంటాయి. అందుకే ఒకేసారి చిటికెల కొద్దీ మేత పోస్తే చేప దాచుకోలేదు, మిగిలింది అడుగున కుళ్ళుతుంది. రోజుకు రెండు మూడుసార్లు, రెండు నిమిషాల్లో ఖాళీ అయ్యేంత మేతే వెయ్యాలి. గింజల మేతను వేళ్ళ మధ్య నలిపి పొడి చేస్తే దాని చిన్న నోటికి అందుతుంది. రెండ్రోజులు ఊరెళ్ళాల్సి వస్తే ఎదిగిన చేపకు ఏమీ కాదు. ఎక్కువ మేత వేసి వెళ్తేనే ప్రమాదం.

6. ఒక్కదాన్నే కొంటే బెంగపడుతుంది

'ఎట్లుంటదో చూద్దాం, ముందు ఒకటి ఇవ్వు' అని షాపులో అడిగేవాళ్ళుంటారు. జీబ్రా విషయంలో అది పనికిరాదు. ఇది గుంపులో బతికే చేప. ఒంటరిగా ఉంటే మూలకు నక్కుతుంది, మేత సరిగా తినదు. రెండే ఉంటే పెద్దది చిన్నదాన్ని తరిమి తరిమి కొడుతుంది. కనీసం ఆరు, వీలైతే పది ఉంటే ఆ కోపం అందరికీ పంచబడి ఎవరికీ దెబ్బ తగలదు. పొడవు రెక్కల బెట్టాతో, నెమ్మదిగా ఈదే ఏంజెల్‌తో కలపొద్దు. ఇది మేత దగ్గర వాటిని నిలవనివ్వదు, వేలాడే రెక్కలను కొరుకుతుంది కూడా.

7. బోరు నీళ్ళు పనికొస్తాయి, క్యాన్ నీళ్ళు పనికిరావు

చేపకు మంచి చేద్దామని ఇరవై లీటర్ల ఫిల్టర్ నీళ్ళ క్యాన్ తెచ్చి తొట్టిలో పోసేవాళ్ళు చాలామంది. ఆర్వో మిషన్ నీటిలోని ఖనిజ లవణాలను చాలావరకు తీసేస్తుంది. ఒంటికి కావాల్సిన కాల్షియం, సోడియం చేప నీటి నుంచి కూడా తీసుకుంటుంది. ఆ నీళ్ళకు ఆమ్లత్వం మారకుండా కాపాడుకునే శక్తి కూడా ఉండదు. జీబ్రా సహజంగా ఉండే నీళ్ళు కొంచెం కఠినమైనవి, పీహెచ్ 8 దగ్గర ఉండేవి. మన బోరు నీళ్ళదీ అదే గుణం. బకెట్ అంచున తెల్ల పొర కట్టే నీళ్ళు నియాన్ టెట్రాకు ఇబ్బంది, జీబ్రాకు, గప్పీకి అనుకూలం.

ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. ఉమ్మడి నల్లగొండలో చాలా బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదన్నది మన దేశ ప్రమాణం. ఫ్లోరైడ్ చేపల ఎముకల్లోనూ పేరుకుంటుంది. మీ బోరులో అది ఎక్కువని తెలిస్తే తొట్టికి కూడా మిషన్ భగీరథ నల్లా నీళ్ళే వాడండి.

8. నల్లా నీళ్ళలో మనల్ని కాపాడేదే చేపను చంపుతుంది

మిషన్ భగీరథ నీళ్ళలో సూక్ష్మజీవులను చంపడానికి క్లోరిన్ కలుపుతారు. మనకు హాని చేయని ఆ మోతాదు చేప మొప్పలను కాల్చేస్తుంది. నల్లా నీళ్ళు వెడల్పాటి టబ్బులో పట్టి ఒక రోజంతా నిలవబెట్టాలి. ఎయిర్ పంపు గొట్టం అందులో వేసి వదిలితే క్లోరిన్ ఇంకా త్వరగా పోతుంది. తొందరుంటే షాపుల్లో 'యాంటీ క్లోరిన్' పేరుతో దొరికే సోడియం థయోసల్ఫేట్ చుక్కలు సీసా మీద రాసిన లెక్క ప్రకారం వెయ్యాలి. తొట్టి నీళ్ళు వారానికి పావు వంతు మాత్రమే మార్చాలి. మొత్తం పారబోసి, గాజు కడిగి, కొత్తగా నింపితే చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది గానీ చేపలకు అదే పెద్ద దెబ్బ. ఎందుకో తర్వాతి సంగతి చదివితే తెలుస్తుంది.

9. తొట్టిని ఖాళీగా నెల రోజులు నడపాలి

చేప మొప్పల నుంచి అమ్మోనియా వస్తుంది. అది విషం. ఫిల్టర్ స్పాంజిలో పెరిగే ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. అది అంత ప్రమాదం కాదు, వారం వారం మార్చే నీళ్ళతో, మొక్కలతో పోతుంది. ఈ రెండు రకాల బ్యాక్టీరియా స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తొట్టి, చేపలు ఒకే రోజు కొని ఇంటికి తెస్తే అవి చాలాసార్లు వారం పది రోజుల్లో చనిపోయేది ఇందుకే. రోగం వచ్చిందనుకుని మందులు పోస్తారు. అసలు లోపం నీటిలో ఉంటుంది.

ఫిల్టర్ పెట్టి, రోజూ ఒక చిటికెడు మేత వేస్తూ నెల నడిపి, ఆ తర్వాత ఆరు చేపలతో మొదలుపెట్టండి. తెలిసినవాళ్ళ పాత తొట్టిలో నానిన స్పాంజి ముక్క దొరికితే పని ఇంకా త్వరగా అవుతుంది. స్పాంజిని ఎప్పుడూ నల్లా కింద కడగొద్దు, క్లోరిన్ ఆ బ్యాక్టీరియాను చంపేస్తుంది. తొట్టి నుంచి తీసిన నీళ్ళలోనే పిండి మళ్ళీ పెట్టాలి.

10. మన కఠిన జలంలో అమ్మోనియా మరింత కాటేస్తుంది

నీటిలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి చేపకు పెద్దగా హాని చెయ్యదు, రెండోది చంపుతుంది. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే ఆ రెండో రూపం వాటా దాదాపు పది రెట్లవుతుంది. వేడి పెరిగితే ఇంకా ఎక్కువవుతుంది. బోరు నీళ్ళు ఈ చేపకు మంచివే గానీ, కొత్త తొట్టిలో తప్పులను అవి క్షమించవు.

11. ఆరు డిగ్రీల చలికీ, 38 డిగ్రీల వేడికీ తట్టుకుంటుంది

ప్రకృతిలో దీని నీళ్ళు శీతాకాలంలో 6 డిగ్రీలకు పడిపోయిన చోట్లున్నాయి, ఎండాకాలంలో 38 దాటిన చోట్లున్నాయి. పెంచడానికి మాత్రం 24 నుంచి 28 డిగ్రీలు హాయి. మన దగ్గర హీటర్ కొనడం డబ్బు దండగ. అసలు సమస్య మే నెల. సూర్యాపేట, మిర్యాలగూడల్లో ఎండ 44, 45 డిగ్రీలకు పోయే రోజుల్లో తొట్టి నీళ్ళు మరుగుతున్నట్టే ఉంటాయి. వేడి నీటిలో ఆక్సిజన్ నిలవదు. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 9 మిల్లీగ్రాముల దాకా కరిగే ఆక్సిజన్, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకు దిగుతుంది. చేపలు నీటి పైకి వచ్చి నోరు తెరిచి అందుకుంటుంటే అది ఆకలి కాదు, ఊపిరాడకపోవడం.

ఎండాకాలంలో ఎయిర్ పంపు ఆపొద్దు. మూత కాస్త తెరిచి, దాని మీద వల కట్టి, నీటి మీదుగా చిన్న ఫ్యాను గాలి తగిలేలా పెడితే నీరు ఆవిరై రెండు మూడు డిగ్రీలు చల్లబడుతుంది. కిటికీ పక్కన, ఎండ తగిలే గోడకు ఆనించి తొట్టి పెట్టొద్దు. ఐస్ ముక్కలు వెయ్యొద్దు, ఒక్కసారిగా మారే చలి వేడి కంటే చెడ్డది.

12. గుండ్రటి గాజు గిన్నె చేప ఇల్లు కాదు

జీబ్రా పొడవుగా ఈదే చేప. దానికి ఎత్తు కంటే పొడవు కావాలి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న తొట్టిలో సుమారు 56 లీటర్లు పడతాయి. పది చేపలకు అది సరిపోతుంది. గాజుతో, ఇసుకతో కలిపి అరవై కిలోలు దాటుతుంది కాబట్టి టీవీ స్టాండు మీద కాకుండా గట్టి బల్ల మీద, కింద థర్మకోల్ షీటు వేసి పెట్టండి. మూత తప్పనిసరి. భయపడితే ఈ చేప పైకి ఎగురుతుంది. పొద్దున లేచి చూస్తే కింద నేల మీద ఎండిపోయి ఉంటుంది.

మొక్కల కోసం వెతకనక్కర్లేదు. కాలువల్లో పెరిగే హైడ్రిల్లా, వాలిస్నేరియా దీనికి సొంతింటి మొక్కలే. షాపులో కొన్నా, బయట తెచ్చినా శుభ్రంగా కడిగి, వేరే టబ్బులో కొన్ని రోజులు ఉంచి చూసుకుని వెయ్యండి. మందు కొట్టిన మడి పక్క నుంచి మాత్రం తేవొద్దు.

13. దోమల స్ప్రే కొట్టిన గదిలో చేప బతకదు

దోమలకు, బొద్దింకలకు కొట్టే స్ప్రేలలో, ప్లగ్గుకు పెట్టే ద్రవాల్లో పైరెత్రాయిడ్ రకం మందులుంటాయి. మనుషులకు అవి తక్కువ హాని, చేపలకు చాలా ఎక్కువ హాని. ఎయిర్ పంపు గదిలో గాలిని పీల్చి నేరుగా నీటిలోకి పంపుతుందన్న సంగతి మరిచిపోవద్దు. స్ప్రే కొట్టాల్సి వస్తే పంపు ఆపి, తొట్టిపై తడిబట్ట కప్పి, గది గాలి మారాక తీయండి. చేతికి దోమల క్రీము రాసుకుని తొట్టిలో చెయ్యి పెట్టొద్దు.

14. తెల్లవారగానే గుడ్లు పెడుతుంది, వెంటనే వాటిని తినేస్తుంది

వెలుతురు పడ్డ మొదటి గంటలోనే జీబ్రాలు గుడ్లు పెడతాయి. మగది ఆడదాని పక్కన రాసుకుంటూ తరుముతుంది. గుడ్లు అంటుకోవు, నేరుగా అడుగుకు రాలిపోతాయి. ఒక ఆడ చేప ఒకే పొద్దున వంద, రెండు వందలు పెట్టగలదు. తల్లిదండ్రులకు వాటి మీద మమకారం ఉండదు. కంటపడ్డ గుడ్డునల్లా మింగేస్తాయి.

దీనికి మనింట్లోనే ఉపాయం ఉంది, పిల్లలాడుకునే గోలీలు. చిన్న తొట్టి అడుగున రెండు మూడు వరుసలు గోలీలు పరిచి, జానెడు లోతు నీళ్ళు పోయాలి. సాయంత్రం ఒక మగ చేపను, రెండు ఆడ చేపలను అందులో వదలాలి. పొద్దున గుడ్లు గోలీల సందుల్లోకి జారిపోతాయి, పెద్ద చేపల నోరు అందదు. మధ్యాహ్నానికి పెద్దవాటిని తీసేయాలి. పొట్ట గుండ్రంగా, వెండి తెలుపులో ఉంటే ఆడది. సన్నగా, చారల మధ్య బంగారు ఛాయ ఉంటే మగది.

15. గుడ్డులో గుండె కొట్టుకోవడం చూడొచ్చు

గోలీలు తీసి, ఒక తెల్ల గిన్నెలోకి నీళ్ళు వంపితే అడుగున ఆవగింజ కంటే చిన్న గాజు పూసల్లా గుడ్లు కనిపిస్తాయి. పాలలా తెల్లబడ్డవి చెడిపోయినవి, డ్రాపర్‌తో తీసేయాలి. మిగిలినవి పూర్తిగా పారదర్శకం. స్కూలు మైక్రోస్కోపు ఉండి, గుడ్డు పెట్టిన మొదటి గంటలోనే తీసి చూస్తే ఒక కణం రెండవడం, రెండు నాలుగవడం కనిపిస్తుంది. మర్నాటికి పచ్చసొన చుట్టూ తోక చుట్టుకున్న పిల్ల, రెండు నల్ల కళ్ళ చుక్కలు. తల కింద ఏదో అదురుతూ ఉంటుంది. అదే గుండె. మధ్య మధ్య పిల్ల గుడ్డులోనే గిర్రున తిరుగుతుంది. మూడో రోజుకు గుడ్డు పగులుతుంది. ఐదో రోజుకు పిల్ల ఈదడం మొదలుపెట్టి మేత వెతుక్కుంటుంది. అప్పుడు ఉడికించిన గుడ్డు పచ్చసొనను బట్టలో పిండి, ఆ మబ్బు నీళ్ళు చుక్కలు చుక్కలుగా వెయ్యాలి. ఎక్కువైతే నీళ్ళు కంపు కొడతాయి. మూడు నెలలకు అవే గుడ్లు పెట్టే వయసుకొస్తాయి.

16. పుట్టినప్పుడు అన్నీ ఆడవాటిలాగే మొదలవుతాయి

చిన్న వయసులో ప్రతి జీబ్రా పిల్లలోనూ అండాశయం లాంటి కణజాలమే ఏర్పడుతుంది. కొన్నింటిలో అది కొనసాగుతుంది, కొన్నింటిలో కరిగి వృషణంగా మారుతుంది. అడవి చేపల్లో లింగాన్ని నిర్ణయించే భాగం నాలుగో క్రోమోజోము మీద ఉంది. తరతరాలుగా ల్యాబుల్లో పెంచిన రకాల్లో అది కనిపించకుండా పోయింది. ఇరుకు, వేడి లాంటి ఇబ్బందులు ఎక్కువైతే మగవాటి సంఖ్య పెరుగుతుంది.

17. రెప్పలు లేకున్నా నిద్రపోతుంది

రాత్రి లైటు తీసేస్తే కాసేపటికి తోక కిందికి వాలి, నీటి పైభాగంలోనో అడుగునో కదలకుండా ఉంటుంది. రాత్రంతా నిద్ర చెడగొడితే మర్నాడు ఆ లోటు పూడ్చుకోవాలని చూస్తుంది. అందుకని హాల్లో అలంకారానికి పెట్టిన తొట్టి లైటు అర్ధరాత్రి దాకా వెలగనివ్వొద్దు. ల్యాబుల్లో 14 గంటల వెలుతురు, 10 గంటల చీకటి లెక్కన పెంచుతారు.

18. దెబ్బ తగిలిన చేప చుట్టూ భయం వ్యాపిస్తుంది

చేప చర్మం చిట్లితే అందులోంచి ఒక రసాయనం నీటిలో కలుస్తుంది. గుంపులోని మిగతావి దాన్ని పసిగట్టి ఒక్కసారిగా చెదిరి, అడుగుకు చేరి బిగుసుకుపోతాయి. ఈ గుణాన్ని వేరే చేపల్లో 1938లో వివరించింది కార్ల్ వాన్ ఫ్రిష్. తేనెటీగల నాట్యం గుట్టు విప్పి 1973లో నోబెల్ అందుకున్నదీ ఆయనే. జీబ్రాలోనూ ఇది ఉందని రుజువైంది. వలతో కెలికి ఒక చేపను పట్టుకున్నాక మిగతావి గంటసేపు మేత ముట్టకపోతే ఆశ్చర్యం అక్కర్లేదు.

19. గుండె ముక్క కోసినా మళ్ళీ పెరుగుతుంది

తోక రెక్క తెగితే రెండు మూడు వారాల్లో మళ్ళీ వస్తుంది. అంతకంటే వింత 2002లో బయటపడింది. జీబ్రా గుండె గదిలో ఐదో వంతు కోసి తీసేస్తే రెండు నెలల్లో పూడుకుంది. మచ్చ మిగల్లేదు, పనిచేసే కండరమే పెరిగింది. గుండెపోటు వచ్చిన మనిషి గుండెలో చచ్చిన కండరం స్థానంలో మచ్చే మిగులుతుంది. ఈ తేడా ఎక్కడుందన్న వెతుకులాట ఇప్పటికీ సాగుతోంది.

20. మన జన్యువుల్లో 70 శాతానికి దీనిలో జోడీలున్నాయి

అమెరికాలోని ఓరెగాన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ స్ట్రైసింగర్ ఈ చేపను జన్యుశాస్త్రానికి అనువుగా తీర్చిదిద్ది 1981లో ఫలితాలు ప్రకటించారు. ఆ తర్వాత ఇది ప్రపంచమంతా ల్యాబుల్లోకి పాకింది. దీని పూర్తి జన్యుపటం విశ్లేషణ 2013లో వచ్చింది. మనిషికి 23 జతల క్రోమోజోములుంటే దీనికి 25 జతలు. ఢిల్లీలోని ఐజీఐబీ శాస్త్రవేత్తలు 2009లో మన దేశపు అడవి జీబ్రా జన్యుపటాన్ని చదివారు. హైదరాబాద్‌లో సీసీఎంబీలోనూ, డాక్టర్ రెడ్డీస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లైఫ్ సైన్సెస్‌లోనూ ఈ చేప మీద పరిశోధనలు జరుగుతున్నాయి. మన హైవే మీద రెండు మూడు గంటల ప్రయాణం దూరంలో జబ్బుల గుట్టు విప్పుతున్నది, పరకల్లో కలిపేసే ఈ చేపే.

21. పురుగుమందు ఎంత విషమో ఈ చేపే చెబుతుంది

ఒక రసాయనం నీటి జీవులకు ఎంత ప్రమాదమో తేల్చడానికి ఓఈసీడీ దేశాలు ఒప్పుకున్న ప్రామాణిక పరీక్షలున్నాయి. చేపలను 96 గంటలు ఆ నీటిలో ఉంచి చూసే పరీక్షకు సిఫారసు చేసిన జాతుల్లో జీబ్రా ఒకటి. 2013 నుంచి ఎదిగిన చేపల బదులు దీని గుడ్లతోనే చేసే పరీక్ష కూడా వచ్చింది. వరిమడిలో పుట్టే చేప మీదే వరిమడికి కొట్టే మందులను పరీక్షిస్తున్నారన్నమాట.

22. రంగుల్లో మెరిసే జీబ్రా ప్రకృతిలో లేదు

1999లో సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో ఝియువాన్ గాంగ్ బృందం జెల్లీఫిష్ జన్యువును ఈ చేపలో పెట్టి ఆకుపచ్చగా మెరిపించింది. నీటి కాలుష్యాన్ని పసిగట్టే చేపను తయారుచేయాలన్నది వాళ్ళ ఆలోచన. అది చివరికి 2003 చివర్లో అమెరికా పెంపుడు చేపల బజారుకెక్కింది. మన దేశంలో జన్యుమార్పిడి జీవులను పెంచాలన్నా అమ్మాలన్నా 1989 నాటి పర్యావరణ నిబంధనల ప్రకారం కేంద్రం అనుమతి కావాలి. రంగురంగుల 'గ్లో' చేప అని షాపులో చూపిస్తే ఈ సంగతి గుర్తుంచుకోండి.

23. ఇది అంతరిక్షానికీ వెళ్ళొచ్చింది

1976లో సోవియట్ సాల్యూట్-5 కేంద్రంలో జీబ్రాలున్నాయి. 2024 ఏప్రిల్‌లో చైనా షెన్‌ఝౌ-18 నౌక నాలుగు జీబ్రాలను తీసుకెళ్ళింది. వాటితో పాటు ఆక్సిజన్ కోసం నాచు మొక్క ఒకటి. ఆ చిన్న తొట్టి కక్ష్యలో 43 రోజులు నడిచింది.

24. బయట ఏడాది, ఇంట్లో మూడేళ్ళు

ప్రకృతిలో చాలా జీబ్రాలు ఏడాదికి మించి బతకవు. ఎదిగి, గుడ్లు పెట్టి, కొర్రమీనుకో కొంగకో చిక్కుతాయి. ల్యాబులో లెక్కగట్టితే సగటు ఆయుష్షు మూడున్నరేళ్ళు, ఎక్కువలో ఎక్కువ ఐదున్నరేళ్ళు. ముసలితనంలో వెన్ను వంగుతుంది. అది చూసి రోగమని మందులు పోయనక్కర్లేదు.

25. దోమలను తినడానికి అమెరికా చేపే దిక్కు కాదు

దోమ పిల్లలను తినడానికి కుంటల్లో వదిలే గంబూసియా ఉత్తర అమెరికా చేప. 1928లో మన దేశానికి తెచ్చారు. దోమలతో పాటు ఇక్కడి చిన్న చేపల గుడ్లను, పిల్లలను కూడా తింటుంది. ప్రపంచంలో అతి చెడ్డ వంద చొరబాటు జీవుల జాబితాలో దాని పేరుంది. దోమ పిల్లలు జీబ్రాకూ ఇష్టమైన మేతే. ఇంటి ముందు సిమెంటు కుండీలో తామరో కలువో పెంచుతుంటే, నీడ ఉన్న చోట ఆరు జీబ్రాలు వేస్తే చాలు.

26. మన చేపే కదా అని కాలువలో వదలకూడదు

తొట్టిలో అద్దం నాకుతుందని కొనే సక్కర్ చేప పెరిగి పెద్దదయ్యాక ఎవరో చెరువులో వదిలేస్తారు. అదే ఇప్పుడు మన చెరువుల్లో, నదుల్లో వలలు చింపుతూ 'డెవిల్ ఫిష్' అనిపించుకుంటోంది. జీబ్రా మన దేశపుదే అయినా షాపులో ఉన్నది వేరు. కోల్‌కతా, చెన్నై వైపు ఫారాల్లో తరతరాలుగా పెంచిన రకాలు, పొడవు రెక్కలవి, చుక్కలవి, వాటి రోగాలు వాటికున్నాయి. పెంచలేకపోతే షాపుకు తిరిగిచ్చేయండి, లేదంటే పెంచేవాళ్ళకివ్వండి.

కాలువలో ఉన్న చేపకు మేలు చెయ్యాలనుకుంటే దారి పొలంలోనే ఉంది. మందు కొట్టిన వెంటనే మడి నీళ్ళు కాలువలోకి కోసెయ్యకుండా గెట్టు గట్టిగా కట్టి, డబ్బా మీద రాసినన్ని రోజులు నీళ్ళు మడిలోనే నిలపాలి. డబ్బా కడిగిన నీళ్ళు కూడా కాలువలో పారబోయొద్దు.